స్వామివారు బఫరింగ్‌లో ఉన్నారు

“ఏముందయ్యా అందులో? ఫోను పట్టుకుని నిలబడితే లైవ్ వచ్చేస్తుంది. మా మనవడు రోజూ పెడుతున్నాడు, వాళ్ళ కుక్కపిల్లని.”

మా వృత్తిలో ప్రతి బేరమూ ఇలాంటి మాటతోనే మొదలవుతుంది. ఈసారి ఆ మాటన్నది ఒక దేవస్థానం ధర్మకర్తల మండలి చైర్మన్ గారు. ఊరి పేరు చెప్పను. చెబితే రావలసిన రెండో వాయిదా కూడా రాదు. తొమ్మిది రోజుల బ్రహ్మోత్సవాలు, అంకురార్పణ మొదలు ధ్వజావరోహణం దాకా, దేవస్థానం వెబ్‌సైట్‌లో ప్రత్యక్షంగా రావాలి. ఎలా రావాలి? “ఎస్వీబీసీలో తిరుమల వచ్చినట్టు రావాలి.” 2008 నుంచి అదే పని మీద ఉన్న ఒక ఛానల్ యంత్రాంగమంతా ఒకవైపు. నేనూ, నా ఇద్దరు కుర్రాళ్ళూ, మూడు కెమెరాలూ, తలుపు సరిగా పడని ఓమ్నీ వ్యానూ ఒకవైపు. ఆయన చూపులో రెండూ సమానమే. భగవంతుడి దగ్గర తారతమ్యాలు లేవన్న మాటను ఆయన బిల్లు దగ్గర తప్ప అన్నిచోట్లా పాటిస్తారు.

కుక్కపిల్ల లైవ్ మధ్యలో ఆగితే ఎవరూ అడగరు సార్, గరుడవాహనం ఆగితే అమెరికా నుంచి ఫోన్లు వస్తాయి అన్నాను. “అందుకేగా నీకిస్తున్నది” అన్నారు. ఎంత ఇస్తున్నదీ అప్పటికి చెప్పలేదు.

తరవాత ఖర్చుల కాగితం చూశాను. కడియం నుంచి పూల లారీలు. నాలుగు వీధులకీ లైటింగు. బాణసంచా. రెండు ఎల్ఈడీ తెరలు. ఒక డ్రోను. పెద్దల ఫొటోలతో ఫ్లెక్సీలు, అవి కాగితంలో ఒక పేజీ. లైవ్‌కి ఇంటర్నెట్ లైను అన్నచోట మాత్రం పెన్సిలుతో “ఆఫీసు వైఫై” అని రాసి ఉంది. ఆ వైఫై ఆర్జిత సేవల టిక్కెట్ల కౌంటర్లో ఉంటుంది. అక్కణ్ణుంచి ధ్వజస్తంభం దాకా కూడా రాదు. వచ్చేపాటి సత్తా ఉంటే కౌంటరు గుమస్తా బయట అరుగు మీద కూర్చునే సినిమా చూసుకునేవాడు.

ఇక వెబ్‌సైటు. దాన్ని కట్టింది చైర్మన్ గారి మేనల్లుడు. ఎర్రటి నేపథ్యం మీద పసుపు అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెడుతుంటాయి. “లైవ్ ప్లేయర్ మనకి ఎప్పట్నుంచో ఉంది, నువ్వు తీగ తగిలిస్తే చాలు” అన్నారు. తెరిచి చూస్తే బూడిదరంగు పెట్టె, మధ్యలో విరిగిన పజిల్ ముక్క బొమ్మ. అది ఫ్లాష్ ప్లేయరు. పెంచిన తల్లి అడోబీయే దానికి 2020 డిసెంబరు 31న తిలోదకాలు వదిలింది. ఆ సంగతి ఈ ఊరికి చేరలేదు. ఏటా కార్తీక మాసంలో ఆ పెట్టెకు కూడా “కొత్త రంగులు” వేయిస్తున్నారు.

మేనల్లుడు తెలివైనవాడే. “వీడియో మన సర్వర్లోనే పెట్టేద్దాం అంకుల్, మనది అన్‌లిమిటెడ్ ప్లాను” అన్నాడు. హోటల్లో టిఫిను బిల్లు వెనకాల లెక్క వేసి చూపించాను. స్పష్టమైన బొమ్మకు సెకనుకు 4 మెగాబిట్లు వేసుకో. ఒక మనిషి గంట చూస్తే 1.8 జీబీ. అయిదొందల మంది చూస్తే గంటకు 900 జీబీ. రోజుకు ఆరు గంటల చొప్పున తొమ్మిది రోజులకు 48 వేల జీబీ దాటుతుంది. ఏడాదికోసారి నాలుగు నోట్లు కట్టే హోస్టింగు ఇది మోస్తుందా? “అన్‌లిమిటెడ్ అని రాశాడు కదా!” భోజన హోటల్ వాడూ బోర్డు మీద అలాగే రాస్తాడు నాయనా. అయిదొందల మంది ఒకేసారి విస్తళ్ళ ముందు కూర్చుని నాలుగోసారి పప్పు అడిగి చూడు. ముందు అప్పడం ఆగిపోతుంది, తరవాత నెయ్యి, ఆ తరవాత యజమాని కనబడడు.

కాబట్టి బొమ్మను యూట్యూబుకు పంపి, అక్కణ్ణుంచి దేవస్థానం పేజీలో అతికిద్దామన్నాం. సర్వరు బరువంతా వాడిది, వెబ్‌సైటు కిటికీ మాత్రం మనది. చైర్మన్ గారికి ఈ ఏర్పాటు రుచించలేదు. “కిటికీ మనదీ ఇల్లు వాడిదీనా? వాడి బొమ్మ మాత్రం కనబడకూడదు.” కనబడకుండా కూడా చేయొచ్చు, అద్దె సర్వర్లు ఉన్నాయి, జీబీకి ఇంత అని కట్టాలి అన్నాను. “అది స్వామి సొమ్ము” అన్నారు కళ్ళు మూసుకుని. ఫ్లెక్సీలకు పెట్టింది ఎవరి సొమ్మో నేనడగలేదు. యూట్యూబులో దేవస్థానం పేరు మీద ఛానల్ తెరిచేసరికి అంకురార్పణకు ముందురోజు సాయంత్రం అయింది. కొత్త ఛానల్లో లైవ్ మీట నొక్కాక అనుమతి రావడానికి 24 గంటలు పట్టవచ్చునని అక్కడే రాసి ఉంటుంది. “కలెక్టరు గారితో చెప్పించమంటావా?” అని అడిగారు. అమాయకత్వం అనుకునేరు. నలభై ఏళ్ళ అనుభవంతో అన్న మాట అది.

మొదటిరోజు ధ్వజారోహణం బ్రహ్మాండంగా వచ్చింది. రెండోరోజు కూడా అదే వచ్చింది. అంటే, రెండోరోజు తెల్లవారి వెబ్‌సైటు తెరిచినవాళ్ళకు మొదటినాటి ధ్వజమే మళ్ళీ ఎక్కుతూ కనబడింది. రోజుకో కొత్త లైవ్ తెరిస్తే రోజుకో కొత్త లింకు పుడుతుంది, దాన్ని పేజీలో మార్చాలి. రోజూ మార్చే పని లేకుండా ఛానల్‌కి ముడిపెట్టే దారి ఉందని మొత్తుకున్నాను, కానీ పాస్‌వర్డు మేనల్లుడి దగ్గరే ఉంది. మేనల్లుడు పదింటికి లేస్తాడు. స్వామివారు నాలుగున్నరకే మేల్కొన్నారు. ఈ అయిదున్నర గంటల సందులో ఎంతమంది నిన్నటి గరుడ పటానికి ఇవాళ హారతి ఇచ్చుకున్నారో ఆయనకే ఎరుక.

తెల్లవారుజామున మరో చిక్కు. గుడి మైకులో సుప్రభాతం రికార్డు పెట్టారు. నిమిషాల్లో నాకు తాఖీదు వచ్చింది: ఈ ధ్వని మరొకరిది, లైవ్ ఆపేస్తాం. ఆ శ్లోకాలు పదిహేనో శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ రాసినవి. వాటి మీద ఎవరికీ హక్కుల్లేవు, హక్కులన్నీ రికార్డు మీదే. ఆ మనిషికి ఆ పేరు ఎందుకొచ్చిందో పండితులు వేరే చెబుతారు గానీ, అసలు ప్రతివాది భయంకరం అంటే యూట్యూబు వాడి మరయంత్రమే. వాదన వినదు, మనిషి లేడు, శిక్ష ముందు పడుతుంది. రికార్డు తీసేసి అర్చకస్వాముల గొంతుతో పాడించండి అని వేడుకున్నాను. పాడారు. తొమ్మిది రోజుల్లో నాకు నిజంగా నచ్చిన శబ్దం అదొక్కటే. దాన్ని కూడా మైకుసెట్టు ఆయన జనరేటరు రొదతో కలిపి ఇచ్చాడు. మిక్సరు నుంచి మాకు ఒక్క తీగ ఇవ్వమని అడిగితే కూతుర్నిమ్మని అడిగినట్టు చూశాడు.

శబ్దం అనగానే గుర్తొచ్చింది. మా అమ్మమ్మ శ్రీరామనవమినాడు రేడియో ముందు పళ్ళెంలో అక్షింతలు పెట్టుకుని కూర్చునేది. భద్రాచలం కల్యాణానికి ఆకాశవాణిలో ఉషశ్రీ వ్యాఖ్యానం. ఒక మైకు, ఒక గొంతు. బొమ్మ లేదు. ఆయన తాళిబొట్టు ఎత్తి చూపిస్తున్నారంటే మా వంటింట్లో అందరూ తలెత్తేవారు. ఎంతమంది వింటున్నారో లెక్క చెప్పమని ఏ కమిటీ ఆయన వెంట పడినట్టు నేనెరగను.

ఇప్పుడు నాలుగోనాటి రాత్రికి వద్దాం. కల్యాణోత్సవం. వేదిక మీద చైర్మన్ గారు పట్టుపంచె, భుజాన శేషవస్త్రం, చేతిలో ఫోను. ఆయనకు మూడడుగుల దూరంలో అర్చకస్వామి మంగళసూత్రం ఎత్తి నలుదిక్కులా చూపించారు. మేళం హోరెత్తింది, అక్షింతలు వాన కురిసినట్టు కురిశాయి. చైర్మన్ గారు తలెత్తలేదు. ఫోనులోకే చూస్తున్నారు. ఫోనులో ఇంకా జీలకర్రా బెల్లం నడుస్తోంది. నన్ను సైగ చేసి పిలిచారు.

“ఏమయ్యా, వెనకబడ్డాం!”

“ఎదురుగా చూడండి సార్, అయిపోయింది.”

“ఎదురుగా సరేలేవయ్యా. లైవ్‌లో ఎందుకు కాలేదు?”

ముప్ఫయి సెకన్ల తరవాత ఫోనులో కూడా మాంగల్యధారణ జరిగింది. అప్పుడు అక్షింతలు వేశారాయన, ఫోను మీద.

ఆ ముప్ఫయి సెకన్లు ఎక్కడికి పోయాయని మర్నాడు సంజాయిషీ అడిగారు. పులిహోరతో చెప్పాను. వంటశాలలో బానెడు పులిహోర కలిపితే బానతో సహా భక్తుడి నోట్లో పోయలేం కదా సార్. పొట్లాలు కట్టాలి. బొమ్మను కూడా అలాగే ఆరేసి సెకన్ల పొట్లాలు కట్టి పంపుతారు. 2009లో యాపిల్ వాడు తెచ్చిన పద్ధతి, ఇప్పుడు లోకమంతా దాదాపు ఇదే. చూసేవాడి ఫోను ఏం చేస్తుందంటే, మొదటి పొట్లం రాగానే విప్పదు. నెట్టు మధ్యలో తడబడినా పస్తుండకుండా రెండు మూడు పొట్లాలు చేరాకే విప్పుతుంది. కట్టడానికి కొంత, మొయ్యడానికి కొంత, పోగెయ్యడానికి కొంత, మొత్తం కలిపి అర నిమిషం. తగ్గించే పద్ధతులున్నాయి. తగ్గించినకొద్దీ ఆగి ఆగి రావడం పెరుగుతుంది. ఆయన శ్రద్ధగా విన్నారు. “అయితే పొట్లాలు ముందే కట్టి ఉంచుకోవచ్చుగా?” అన్నారు.

కల్యాణం రాత్రే న్యూజెర్సీలో ఒక అమ్మాయి. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ వేసవి గడియారం ప్రకారం ఉదయం పదిన్నర. ఒక చెవిలో ఫోను, ఎదుట లైవ్. గుళ్ళో ఉన్న తల్లి “అక్షింతలు వేసుకోవే” అంటుంది. “ఇంకా కట్టలేదమ్మా” అని కూతురు. “కట్టేశారే!” “లేదమ్మా, బెల్లం దగ్గరే ఉన్నారు.” ఈ తగాదా తల్లి స్వయంగా నా దగ్గరికొచ్చి చెప్పింది, స్వామివారికి రెండు ముహూర్తాలు పెట్టిన పాపాత్ముణ్ణి నేనే అన్నట్టు.

లైవ్ ఊసెత్తితే సభల్లో ప్రతి వక్తా సంజయుణ్ణి లాక్కొస్తాడు, తొలి ప్రత్యక్షప్రసారం మనదేనని. భీష్మపర్వం తెరిచి చూడండి. సంజయుడు యుద్ధభూమి నుంచి వచ్చి చెప్పిన మొదటి వార్త భీష్ముడు కూలాడని. అది పదోనాటి మాట. ఆ తరవాతే వెనక్కి వెళ్ళి మొదటి రోజు నుంచి చెప్పుకొచ్చాడు. అంటే పది రోజుల బఫరింగ్. ధృతరాష్ట్రుడు కొడుకుల కోసం ఏడ్చాడు గానీ, లేటెందుకైందని బిల్లులో కోత పెట్టలేదు. అలాంటి క్లయింటు మళ్ళీ పుట్టలేదు.

అయిదోనాడు గరుడవాహనం. తెర మీద ఏముందో వరసగా చెబుతాను. పైన ఎడమ మూల దేవస్థానం ముద్ర. కుడి మూల ఒక వెంచరు వాళ్ళ బోర్డు, ప్లాట్లు అమ్మబడును. ఎడమ పక్క నిలువునా ధర్మకర్తల ఫొటోలు, నమస్కార ముద్రలో. అడుగున ఉభయదారుల పేర్లు పరుగు. దాని పైన మరో పట్టీ, అందులో ఎమ్మెల్యే గారి పుట్టినరోజు శుభాకాంక్షలు. పుట్టినరోజు అయిపోయి వారమైంది, పట్టీ తీసే ధైర్యం ఎవరికీ లేదు. ఇవన్నీ పోను మధ్యలో అగ్గిపెట్టెంత జాగాలో గరుత్మంతుడు, ఆయన భుజాల మీద స్వామి. “స్వామి కొంచెం చిన్నగా వస్తున్నారు” అన్నారు ఈవో గారు మెల్లిగా. అనగలిగింది ఆయనొక్కరే. అన్నాక అటూ ఇటూ చూశారు.

ఆ రాత్రి నెట్టు కోసం కమిటీ వారు పెద్ద మనసు చేసుకుని ఒక సిమ్ ఇచ్చారు. రోజుకు 2 జీబీ. ఇందాకటి లెక్కే: సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున అది గంటా ఏడు నిమిషాలకు అయిపోతుంది. అయిపోయాక వేగం 64 కేబీపీఎస్‌కి పడుతుంది. ఆ వేగంలో స్వామివారి కిరీటం ఒక విడత, పాదాలు ఒక విడత వెళ్తాయి. ఇక వీధిలో ఉన్న ప్రతి భక్తుడూ ఫోను ఎత్తి తన లైవ్ తను పెడుతున్నాడు, అందరికీ ఒకటే సెల్ టవరు. చివరికి నా కుర్రాడు ఎదురింటి మేడ మీది వాళ్ళ కేబుల్ నెట్టు బతిమాలి తీగ లాక్కొచ్చాడు. ఆ ఇంటాయన అడిగిన ప్రతిఫలం ఒక్కటే, వాహనం తమ ఇంటి ముందు ఆగినప్పుడు వాళ్ళావిడ హారతిస్తుంటే రెండు నిమిషాలు చూపించమని. చూపించాను. దేవస్థానం కంటే వేగంగా బిల్లు తీర్చిన మనిషాయన.

“సౌండు రావట్లేదు” అని రోజూ వచ్చే ఫోన్లకు మా కుర్రాడికి ఒక పాఠం నేర్పాను: తెర మీద స్పీకరు బొమ్మ నొక్కండమ్మా. తెరవగానే చప్పుడు చేసే వీడియోలను బ్రౌజర్లు ఆపేసి చాలా ఏళ్ళయింది. కాబట్టి స్వామివారు మూగగానే వస్తారు, భక్తులు అనుగ్రహిస్తేనే నోరు విప్పుతారు.

ఎనిమిదోనాడు రథం.

కేబుల్ ఆపరేటర్ని పట్టుకుని, బతిమాలి, నా జేబు డబ్బుతో కరెంటు స్తంభాల వెంబడే ఒక ఫైబర్ తీగ వేయించాను. గాలిగోపురం నుంచి రథశాల దాకా. పొద్దున్నే పరీక్షించాం. నీళ్ళలా వెళ్తోంది. చైర్మన్ గారి ముఖం వెలిగింది, మంత్రిగారి ఓఎస్డీకి లింకు పంపించారు. ఎనిమిదింటికి రథం కదలాలి. ఏడూ నలభైకి లైన్‌మన్లు నిచ్చెనలు భుజాన వేసుకుని వచ్చారు. మొదటి స్తంభం ఎక్కారు. నేను చూస్తుండగానే ఒకాయన తీగలు ఒక్కొక్కటీ విప్పుతూ నా ఫైబర్ దగ్గరికొచ్చి, కటింగ్ ప్లేయరు తీసి, టప్పున కత్తిరించాడు.

తప్పు ఆయనది కాదు. రథం దారిలో కరెంటు ఆపాలి, అడ్డొచ్చే తీగలు తియ్యాలి. 2022 ఏప్రిల్లో తంజావూరు దగ్గర కళిమేడులో రథం హైటెన్షన్ తీగకు తగిలి 11 మంది పోయారు. లైన్‌మన్ ఆ స్తంభం ఎక్కడం కంటే ముఖ్యమైన పని ఆ రోజు ఆ ఊళ్ళో ఇంకొకటి లేదు. ఆ పని ఏడూ నలభైకి జరుగుతుందని పూలవాళ్ళకు తెలుసు, బాణసంచా వాళ్ళకు తెలుసు, మజ్జిగ పంచేవాళ్ళకు తెలుసు. నెల్లాళ్ళ కిందట జరిగిన మీటింగు మినిట్సులో ఉంది. మీటింగుకి మమ్మల్ని పిలవలేదు. “లైవ్ వాళ్ళతో ఏం పని, ఫోను పట్టుకుని నిలబడేవాళ్ళేగా!”

రథానికి తీగలుండకూడదు, లైవ్‌కి తీగ ఉండాలి. ఈ చిన్న సంగతి తొమ్మిది రోజుల కార్యక్రమంలో ఎవరి బుర్రకూ తట్టలేదు, నా బుర్రతో కలిపి. ఆ సంగతి ఒప్పుకుంటాను. ముందురోజే దారి నడిచి చూడాల్సింది నేను.

ఎనిమిదింటికి గోవిందనామాలతో రథచక్రం కదిలింది. తెర మీద కూడా ఒక చక్రం తిరగడం మొదలైంది. చివరిగా వెళ్ళిన బొమ్మ చైర్మన్ గారిదే. రథం మోకు పట్టుకుని, నోరు బార్లా తెరిచి, కళ్ళు సగం మూసి ఉన్నారు. ఆయన ముఖం చుట్టూ తెల్లటి చక్రం తిరుగుతూనే ఉంది, రెండు గంటల పాటు. చక్రస్నానం మర్నాడు కదా, చక్రం ఒకరోజు ముందే వేంచేసింది. ఆ బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి ఊరంతా పంచుకున్నారు. తొమ్మిది రోజుల్లో జనం నిజంగా ఇష్టపడి చూసింది అదే.

అసలు ఎంతమంది చూశారంటారా? అక్కడికే వస్తున్నాను, ఆయనా అక్కడికే వచ్చారు. 2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. ఆ వార్త చైర్మన్ గారు చదివారు. “మనకి లక్ష రావద్దూ?” అన్నారు. కల్యాణం నడుస్తున్న గడియలో తెర మూలన ఉన్న అంకె 214. మామూలు ఉదయాల్లో 41. ఆ నలభై ఒకటిలో మూడు నావి, పరీక్ష కోసం తెరిచి ఉంచినవి. అయిదారు ధర్మకర్తలవి, తమ ఫొటో పట్టీ వస్తోందా లేదా అని. మిగతావాళ్ళలో ఒక పెద్దావిడ ఉందని నాకు తెలుసు. కాలు విరిగి మంచంలో ఉందట. పదిహేనేళ్ళుగా తప్పని సేవ ఈసారి తప్పిందని మనవరాలి చేత ఫోను చేయించింది, “కెమెరా కాస్త కిందికి దించమనండి, పాదాలు కనబడటం లేదు” అని. దించాను. పైన వెంచరు వాళ్ళ బోర్డు అలాగే ఉంది, కింద పట్టీలు రెండూ అలాగే ఉన్నాయి. పాదాలు పట్టీ వెనకాల పడ్డాయి. పట్టీ తీసేశాను. పది నిమిషాలు తిరక్కుండా ఉభయదారు ఒకాయన ఊగిపోతూ వచ్చాడు, తన పేరేదని.

అంకెలు కొనుక్కోవచ్చుట. మేనల్లుడికి ఎవరో తెలుసుట, వెయ్యికి ఇంతని. “అందులో తప్పేముంది, హుండీలో మనమే ముందు నాలుగు నోట్లు వేసి పెట్టమూ?” అన్నారు చైర్మన్ గారు. ఆ ఉపమానానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ధ్వజావరోహణం అయిన మర్నాడు లెక్క తేల్చుకోవడానికి వెళ్ళాను. పూలవాళ్ళకు ముట్టింది. బాణసంచా వాళ్ళకు, కాల్చింది కాల్చకుండా మిగిలింది కలిపి ముట్టింది. నా బిల్లు మీద ఎర్ర పెన్నుతో కోతలున్నాయి: రథం రోజు రెండు గంటలు, రెండోనాటి ఉదయం అయిదున్నర గంటలు. అంటే మేనల్లుడి నిద్ర కూడా నా పద్దులోనే. ఫైబర్ తీగ ఖర్చు “కోసేశారు కాబట్టి చెల్లదు.” మొదటి వాయిదా చెక్కు ఇచ్చారు, ప్రసాదం పొట్లం ఇచ్చారు, భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా వచ్చారు.

“బాగానే చేశావయ్యా, నాకేం ఫిర్యాదు లేదు. వచ్చే ఏడు కూడా నువ్వే. ఒక్కటే మాట” అని గొంతు తగ్గించారు. “లైవ్ మాత్రం కాస్త ముందుగా రావాలి.”